ఫోన్ వాలెట్టా, హార్డ్‌వేర్ వాలెట్టా: సరదాగా మైనింగ్ చేసేవారికి ఏది నయం?

ఇంట్లో చిన్న మెషీన్ పెట్టుకుని బిట్‌కాయిన్ మైనింగ్ (మెషీన్‌తో లెక్కలు చేయించి కొత్త కాయిన్లు సంపాదించడం) చేసేవారికి పూల్ (కలిసి మైనింగ్ చేసి రాబడి పంచుకునే జట్టు) నుంచి వచ్చేది కొద్దికొద్దిగానే. 2024 ఏప్రిల్ హాల్వింగ్ (మైనింగ్ బహుమతి సగానికి తగ్గడం) తర్వాత ఒక్కో బ్లాక్‌కు (లావాదేవీల కట్టకు) కొత్తగా పుట్టేది 3.125 బిట్‌కాయిన్లే. మరి ఆ కాస్త ఎక్కడ దాచుకోవాలి?

ఫోన్ వాలెట్ అంటే కాయిన్లను చూసుకునే యాప్; చాలావరకు ఉచితం, నిమిషాల్లో సిద్ధమవుతుంది. చిల్లర మొత్తాలకు చాలు. కానీ ప్రైవేట్ కీ (కాయిన్లు ఖర్చు పెట్టడానికి కావాల్సిన రహస్య సంకేతం) నెట్‌కు కలిసి ఉన్న పరికరంలోనే ఉంటుంది. మనం కాపీ చేసిన అడ్రస్‌ను (కాయిన్లు అందుకునే ఖాతా నంబర్ లాంటిది) పేస్ట్ చేసేలోపే మార్చేసే మాల్‌వేర్లు కూడా ఉన్నాయి.

హార్డ్‌వేర్ వాలెట్ అంటే కీ దాచే చిన్న పరికరం, దాన్ని కొనుక్కోవాలి. అయినా నా ఓటు దానికే. కీ అందులోనే ఉంటుంది, సంతకమూ (కీతో లావాదేవీకి ఇచ్చే ఆమోదం) లోపలే జరుగుతుంది. పంపబోయే అడ్రస్, మొత్తం దాని సొంత తెరపై కనిపిస్తాయి. అక్కడ అక్షరం అక్షరం సరిచూసుకుని బటన్ నొక్కితేనే కాయిన్లు కదులుతాయి. పూల్ నుంచి సొమ్ము అందుకోవడానికి దాన్ని కంప్యూటర్‌కు తగిలించి ఉంచనక్కర్లేదు, అడ్రస్ ఇస్తే చాలు. పూల్‌లో కనీస చెల్లింపు పరిమితిని మాత్రం కాస్త పెంచుకోండి. చిన్న చిన్న జమలు పోగుపడితే, తర్వాత ఖర్చు పెట్టేటప్పుడు ఫీజు వాచిపోతుంది.

ఏది వాడినా, వాలెట్ పోతే కాయిన్లను తిరిగి తెచ్చుకునే రికవరీ పదాలే (సాధారణంగా 12 లేదా 24) అసలు తాళంచెవి. ఫొటో తీయొద్దు, క్లౌడ్‌లో పెట్టొద్దు, కాగితం మీద రాసి దాచండి. కొత్త పరికరం పెట్టెలో ఆ పదాలు ముందే రాసి వస్తే మాత్రం అది మోసమే, వెంటనే తిప్పి పంపేయండి.