13 అడుగుల బెండు కర్ర, సెంటర్‌పిన్ రీలు: ఏడేళ్ళ వాడకం తర్వాత

మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ శివార్లలో ఉంటూ, తీరిక దొరికిన వారాంతాల్లో ట్రౌట్, స్మాల్‌మౌత్ బాస్ చేపల కోసం నదుల వెంట తిరగడం నా అలవాటు. బెండు కట్టి వేటాడడానికే తయారు చేసిన 13 అడుగుల కర్రనూ, దానికి జోడుగా సెంటర్‌పిన్ రీలునూ కొని ఈ మార్చికి ఏడేళ్ళు నిండాయి. కర్రకు 220 డాలర్లు, రీలుకు 260 డాలర్లు పెట్టాను. కొన్న నెలలోనే ఈ సమీక్ష రాసి ఉంటే అంతా పొగడ్తగా ఉండేది, రెండో ఏడు రాసి ఉంటే అంతా ఫిర్యాదుగా ఉండేది. ఇప్పుడు నా అభిప్రాయం ఇది: ఈ కర్ర నదిలో చేపలు పట్టే ఎవరికైనా పనికొస్తుంది, రీలు మాత్రం అందరికీ కాదు.

సెంటర్‌పిన్ అంటే ఇరుసు మీద తిరిగే ఒక చక్రం, అంతకు మించి ఏమీ లేదు. నా దానికి వ్యాసం నాలుగున్నర అంగుళాలు, లోపల రెండు బేరింగులు ఉంటాయి. పళ్ళచక్రాలు లేవు, చేప గట్టిగా లాగినప్పుడు దారాన్ని పట్టి పట్టి తనంతట తాను వదిలే ఏర్పాటు కూడా లేదు. పిడి ఒక్క చుట్టు తిప్పితే చక్రం ఒక్క చుట్టే తిరుగుతుంది. ఇంగ్లండులో ట్రెంట్ నది ఒడ్డున నాటింగ్‌హామ్ జాలర్లు కొయ్య చక్రాలతో మొదలుపెట్టిన పద్ధతికి ఇది అల్యూమినియం రూపం. మొదటిసారి వీడియో కాల్‌లో దీన్ని చూపించినప్పుడు మా నాన్నగారు, "బెండు మునగడం కనిపిస్తే చాలు కదరా, దానికి ఇంత చక్రం ఎందుకు?" అని నవ్వారు. గోదావరి కాలువ గట్టు మీద జీలుగ బెండు ముక్కకు ఈకపుల్ల గుచ్చి, వానపామును ఎరగా పెట్టి పరిగెలు పట్టిన మనిషికి ఆ ప్రశ్న సహజమే. కాలువ నీరు ఒక తీరుగా, నెమ్మదిగా పారుతుంది కాబట్టి అక్కడ ఈ చక్రం అవసరం నిజంగానే లేదు. రాళ్ళ మీదుగా దూకుతూ పోయే నదిలో సంగతి వేరు.

నది పైపైన నీరు వడిగా పోతుంది, అడుగున రాళ్ళ ఒరిపిడి వల్ల నెమ్మదిస్తుంది. ట్రౌట్ ఆ నెమ్మది పొరలోనే ముక్కు ఎగువకు పెట్టి నిలబడి, కొట్టుకొచ్చే ఆహారం కోసం చూస్తూ ఉంటుంది. బెండును దాని మానాన వదిలేస్తే అది పైనీటి వేగంతో పోతూ ఎరను తన వెనకాల ఈడ్చుకుపోతుంది. అడుగు నీటి కంటే వేగంగా పోయే ఎరను ఏ చేపా నమ్మదు. అందుకే చక్రం అంచు మీద బొటనవేలు సుతారంగా ఆనించి బెండును కొద్దిగా నిలవరించాలి. అప్పుడు బెండు కాస్త ఎగువకు వాలుతుంది, కింద ఎర దాని కంటే ముందుకు జరిగి అడుగు నీటి వేగంతోనే దొర్లుతూ పోతుంది. మామూలు స్పిన్నింగ్ రీలుతో (చుట్ట కదలకుండా దారం అంచు మీదుగా జారిపోయే రకం) దారాన్ని పూర్తిగా వదిలేయవచ్చు లేదా పూర్తిగా ఆపవచ్చు. వేలితో చుట్టు చుట్టుగా వదిలినా బెండు కుదుపులు కుదుపులుగానే కదులుతుంది. సెంటర్‌పిన్ చక్రాన్ని ప్రవాహమే తిప్పుతుంది, మన వేలు దాన్ని తగ్గిస్తుంది అంతే. యాభై అరవై గజాల దిగువ దాకా బెండును ఒకే నడకలో పంపగలగడమే ఈ రీలు అసలు గుణం, దాని కోసమే మిగతా ఇబ్బందులన్నీ భరించాలి.

కర్ర పొడవు కూడా ఈ పనికే ఉపయోగపడుతుంది. కొస అంత ఎత్తున ఉన్నందువల్ల కర్రకూ బెండుకూ మధ్య దారం నీళ్ళలో పడకుండా పట్టుకోవచ్చు. నీళ్ళలో పడిన దారాన్ని నడి ఒరవడి విల్లులా వంచి బెండును పక్కకు లాగేస్తుంది. ఈ సౌకర్యం ఏ రీలు పెట్టినా దక్కుతుంది కాబట్టే కర్రను వేరుగా మెచ్చుకుంటున్నాను. పొడవాటి మెత్తని కర్ర చేప విదిలింపులను తనలోకి తీసుకుంటుంది గనుక కొక్కెం దగ్గర ఆరు పౌండ్ల లాగుడుకు ఆగే సన్నదారం వాడినా తెగడం అరుదు. ఎదురుగాలి వీచే రోజున మాత్రం ఇది చేతిలో తెరచాపలా తయారవుతుంది. చెట్లు వంగి ఉన్న చిన్న వాగులకైతే దీన్ని తీసుకుపోవడమే దండగ.

సామగ్రి అమరిక గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొదటి ఏడాది నా వైఫల్యాల్లో సగం ఇక్కడే జరిగాయి. రీలు మీద తేలే రకం పది పౌండ్ల దారం, దానికి సిలికాన్ గొట్టాలతో బిగించిన ఆరు గ్రాముల బాల్సా బెండు, కింద దారం మెలి పడకుండా తిరిగే చిన్న స్వివెల్, ఆ తర్వాత నీళ్ళలో అంతగా కనిపించని ఫ్లోరోకార్బన్ దారం రెండడుగులు, చివర ఎనిమిదో నంబరు కొక్కెం, ఇదీ నా మామూలు కట్టు. బెండు నీటిపైన వేలి గోరంత మాత్రమే కనిపించేలా దారానికి నొక్కి బిగించే చిన్న బరువులు, అంటే గుండ్లు, పెట్టాలి. ఏఏఏ సైజు గుండు ఒకటి దాదాపు 0.8 గ్రాములు, బీబీ గుండు 0.4 గ్రాములు, నాలుగో నంబరు 0.2 గ్రాములు తూగుతాయి. పెద్దవి పైన, చిన్నవి కింద, కొక్కెం వైపు పోయేకొద్దీ ఎడం పెంచుతూ కడితే ఎర సహజంగా ఊగుతుంది. మొదట్లో నేను గుండ్లన్నీ ఒకే చోట గుత్తిగా బిగించి, బెండు నిటారుగా నిలబడిందని మురిసిపోయేవాణ్ణి. లోతైన వడి నీటిలో గుత్తి కూడా పనికొస్తుంది కానీ మోకాలి లోతు గులకరాళ్ళ మీద అది ప్రతి రాయికీ తగులుతుంది. సీసపు గుండ్లు మానేసి నాలుగేళ్ళయింది. ఇక్కడి సరస్సుల్లోని లూన్ పక్షులు సీసం మింగి చచ్చిపోవడం బాగా తెలిసిన విషయమే. తగరపు గుండ్లు కొంచెం గట్టివి, పళ్ళతో నొక్కకూడదు, పట్టకారు దగ్గర ఉంచుకోవాలి.

ఈ జోడీ నాకు ఎక్కువ ఉపయోగపడింది మస్కెగాన్ నది మీద, క్రోటన్ ఆనకట్ట దిగువ నుంచి నెవేగో ఊరి వరకు. విశాలమైన నది, పొడవాటి గులకరాళ్ళ పరుగులు, వసంతంలో మిషిగన్ సరస్సు నుంచి ఎదురెక్కి వచ్చే స్టీల్‌హెడ్ చేపలు, అంటే సరస్సులో పెరిగి గుడ్లు పెట్టడానికి నదికి వచ్చే రెయిన్‌బో ట్రౌట్లు. బయలుదేరే ముందు యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే) వారి నీటి లెక్క చూస్తాను. శ్రీశైలం, సాగర్ వార్తలు వింటూ పెరిగినవాళ్ళం కనుక క్యూసెక్కుల భాష మనకు కొత్త కాదు. 2,500 క్యూసెక్కులు దాటితే నేను నీళ్ళలోకి దిగను. ఇది నా బరువుకూ నా భయానికీ సరిపోయే లెక్క, నియమం కాదు.

మూడో ఏడు ఏప్రిల్ మొదటి వారంలో ఒక ఉదయం, నారింజ రంగు సాల్మన్ గుడ్లను సన్నని వలగుడ్డలో బఠాణీ గింజంత మూటగా కట్టి వదిలాను. ముప్పై గజాల దిగువన బెండు మునగలేదు, ఆగింది. అంతే, నీళ్ళు దాన్ని దాటి పోతున్నాయి, అది మాత్రం నిలబడిపోయింది. చక్రాన్ని బొటనవేలితో నొక్కిపట్టి కర్రను పక్కకు లాగగానే అవతల బరువు తగిలింది, మరుక్షణం చేప దిగువకు పరుగు తీసింది. తిరగేసి తిరుగుతున్న పిడి గుబ్బలు నా వేళ్ళ కణుపుల మీద నాలుగైదు దెబ్బలు కొట్టాకగానీ చెయ్యి తీయాలన్న బుద్ధి పుట్టలేదు. ఈ రీలులో చేపను నిలపాల్సింది అరచేతితోనే. చక్రం అంచు కింద చెయ్యి ఆనించి, చేప పరుగును బట్టి ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ పోవాలి. ఆ స్పర్శ ఇంకే రీలులోనూ నాకు దొరకలేదు. ఆ చేప దాదాపు ఎనిమిది పౌండ్లు ఉంటుంది, నీళ్ళలోనే కొక్కెం తీసి వదిలాను. కణుపుల వాపు తగ్గడానికి వారం పట్టింది.

స్మాల్‌మౌత్ బాస్ విషయంలో ఈ రీలు మీద నా ఉత్సాహం సగానికి పడిపోతుంది. కంచు రంగు ఒళ్ళు, ఎర్రని కళ్ళు, నిలువు చారలు గల ఈ చేప గ్రేట్ లేక్స్ (మిషిగన్ చుట్టూ ఉన్న పెద్ద సరస్సులు) పరీవాహకానికి స్థానికమైనది. ఇక్కడి వారు అంతగా ఆరాధించే బ్రౌన్ ట్రౌట్ మాత్రం బయటి నుంచి వచ్చింది. జర్మనీ నుంచి వచ్చిన గుడ్లను మన తెలుగువాళ్ళు చాలామంది ఉంటున్న నార్త్‌విల్‌లోని చేపపిల్లల కేంద్రంలో పొదిగించి, 1884లో ఆ పిల్లలను బాల్డ్విన్ నదిలో వదిలారు. నీరు 20 డిగ్రీల సెల్సియస్ దాటితే ట్రౌట్‌కు ఇబ్బంది మొదలవుతుంది, ఆ వేడిలో దాన్ని పట్టి వదిలినా బతకడం కష్టం. స్మాల్‌మౌత్‌కు అదే హాయి. కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు దాకా నేను డెక్స్‌టర్ దగ్గర హ్యూరన్ నదికి మారిపోతాను. అక్కడ చేప ఒక బండ వెనక, ఒక పడిపోయిన మాను పక్కన, ఒక సుడి అంచున ఉంటుంది. వరసగా పది చోట్ల గురిచూసి విసరాలి. సెంటర్‌పిన్‌తో గురి తప్పని విసురు నాకు ఏడేళ్ళయినా పూర్తిగా పట్టుబడలేదు. అందుచేత వేసవిలో అదే కర్రకు చిన్న స్పిన్నింగ్ రీలు తగిలించి, బెండు కింద జలగను గుచ్చి వేస్తాను. బెండును మడుగు చివర ఆపిపడితే జలగ అడుగు నుంచి పైకి లేస్తుంది, ఎక్కువ కాట్లు ఆ క్షణంలోనే పడతాయి.

ఒక్క మినహాయింపు ఉంది. అక్టోబరు చివర నీరు పది డిగ్రీలకు దిగాక స్మాల్‌మౌత్‌లు నీరు మెల్లగా కదిలే లోతైన మడుగుల్లో గుంపుగా చేరి పెద్దగా కదలవు. అప్పుడు ఈకల జిగ్గును (గుండు తలకు ఈకలు కట్టిన కొక్కేన్ని) అడుగుకు జానెడు ఎత్తున వేలాడదీసి, సెంటర్‌పిన్‌తో నత్తనడకన పంపితే వేరే ఏ పద్ధతికీ రాని చేపలు వస్తాయి. వాటిని కూర వండారా అని మా వాళ్ళు అడుగుతూనే ఉంటారు. నీళ్ళలో చేరి ఎన్నేళ్ళకూ విచ్ఛిన్నం కాని పీఫాస్ రసాయనాల వల్ల హ్యూరన్ చేపలను తినవద్దని 2018లో రాష్ట్ర ఆరోగ్య శాఖ హెచ్చరించింది, అప్పటి నుంచి పులుసు ప్రస్తావన మా ఇంట్లో లేదు.

ఇక లోపాలు. కర్ర పిడి మీద రీలును పట్టి ఉంచేది అటూ ఇటూ జరిపే రెండు లోహపు పట్టీలు. చలికి పిడిలోని బిరడా ముడుచుకుపోతే అవి వదులవుతాయి. రెండో శీతాకాలంలో చేప తగిలి ఉండగానే రీలు ఊడి నీళ్ళలో పడింది. దారం పట్టుకుని చేత్తో లాక్కున్నాను, చేప సంగతి చెప్పనక్కర్లేదు. అప్పటి నుంచి పట్టీల మీద ఎలక్ట్రికల్ టేపు చుడుతున్నాను. రెండో లోపం, దారం సడలినప్పుడు చక్రానికీ వెనక పలకకూ మధ్య దూరి నలిగిపోవడం. దారాన్ని అడ్డుకునే చిన్న కమ్మీ విడిగా కొని బిగించాక ఇది దాదాపు ఆగింది, అది మొదటి నుంచే ఉండాల్సింది. మూడోది బేరింగులు. కొత్తలో వాటిలో ఉన్న గ్రీజు చలికి చిక్కబడి చక్రం మొరాయించింది. గ్రీజంతా కడిగి పల్చని నూనె చుక్క వేశాక హాయిగా తిరిగింది. కానీ గ్రీజు లేని బేరింగు తడికి తుప్పు పడుతుంది, ఈ ఏడేళ్ళలో రెండుసార్లు మార్చాను. కర్ర కొస విరిగింది మాత్రం నా తప్పే, కారు డిక్కీ మూత కింద పడింది. అమ్మిన దుకాణం కొత్త కొసను పంపడానికి ఆరు వారాలు తీసుకుంది, సరిగ్గా స్టీల్‌హెడ్ కాలం అయిపోయాక అది చేతికొచ్చింది.

విసరడం నేర్చుకోవడం గురించి మభ్యపెట్టదలచుకోలేదు. రింగుల మధ్య దారాన్ని పక్కకు లాగి వదిలే సులువైన విసురుతో దారం మెలి తిరుగుతుంది, మెలి పడిన దారం ఉండలు కడుతుంది. చక్రాన్నే తిప్పి విసిరే వాలిస్ పద్ధతిలో మెలి ఉండదు కానీ, చక్రాన్ని అరక్షణం ఆలస్యంగా ఆపినా కాకిగూడు తయారవుతుంది. నేను మా ఇంటి వెనక గడ్డిలో కొక్కెం లేకుండా మూడు నెలలు సాధన చేశాను. నెలకు ఒక్కసారి నదికి వెళ్ళేవారికి అంత ఓపిక ఉంటుందని అనుకోను. వారు ఇదే కర్ర కొని స్పిన్నింగ్ రీలుతో సరిపెట్టుకుంటే డబ్బూ, వేళ్ళ కణుపులూ మిగులుతాయి. కొనే ముందు తమ నది నిబంధనలు కూడా చూసుకోవాలి. పేర్ మార్కెట్ (Pere Marquette) నదిలో ఎం-37 వంతెన నుంచి గ్లీసన్స్ లాండింగ్ దాకా కృత్రిమ ఈగలతో తప్ప వేటాడరాదు, అక్కడ గుడ్ల మూట జేబులోంచి తీయకూడదు.

ప్రస్తుతం కర్ర రెండో అతుకు దగ్గర కొంచెం కదలిక వచ్చింది, కొవ్వొత్తి మైనం రుద్దితే రోజంతా నిలుస్తోంది. చక్రం అంచున అరచెయ్యి ఆనే చోట నల్ల రంగు పోయి అల్యూమినియం తెల్లగా బయటపడింది. ఇంకో జత బేరింగులు తెప్పించి పెట్టుకున్నాను, వాన తెరిపిస్తే ఈ శనివారం బిగిస్తాను.