రెండు మానిటర్లు, రెండు రిజల్యూషన్లు: డెబియన్ 13 మీద ప్లాస్మా 6.3

తెలుగు ప్రూఫు దిద్దేవాళ్లకు పనంతా చుక్కల దగ్గరే. ర నడుమ చుక్క పడితే ఠ. ద కింద గీత ఉంటే ధ, లోపల చుక్క కూడా చేరితే థ. వికీసోర్స్‌లో పాత పుస్తకాల స్కాన్లు ముందేసుకుని ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని పాఠంగా మార్చే సాఫ్ట్‌వేర్) ఇచ్చిన పాఠాన్ని దిద్దుతుంటాను. నేను దిద్దే పేజీల్లో అది తరచూ తడబడేది కూడా ఈ అక్షరాల దగ్గరే. అందుకే ఏ డెస్క్‌టాప్‌నైనా నేను ముందుగా చూసేది ఒక్కటే: కిటికీని ఈ తెర మీంచి ఆ తెర మీదికి లాగితే అక్షరం సైజు మారకూడదు, చుక్క చెదరకూడదు. డెబియన్ 13 అనే లినక్స్ పంపిణీలో ఉన్న కేడీఈ ప్లాస్మా 6.3 డెస్క్‌టాప్ ఈ పని చేసి చూపించింది. లినక్స్‌లో నేను వాడినవాటిలో ఇంత బాగా చేసింది మరొకటి లేదు.

నా బల్ల మీద మూడు తెరలున్నాయి. 14 అంగుళాల లాప్‌టాప్ తెర 1920×1200. దాని పక్కన 27 అంగుళాల 4కే మానిటర్, అంటే 3840×2160. ఇంకోవైపు నిలువుగా తిప్పిపెట్టిన 24 అంగుళాల పాత ఫుల్ హెచ్‌డీ మానిటర్, 1920×1080. చాలామంది ఈ అంకెలు చూసే మానిటర్ కొంటారు. అక్షరానికి కావలసిన లెక్క మాత్రం అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు అన్నది. లాప్‌టాప్‌లో సుమారు 162, 4కేలో 163, పాతదాంట్లో 92. ఏ సర్దుబాటూ చేయకుండా వదిలేస్తే పాత మానిటర్ మీద సరిగ్గా ఉన్న అక్షరం 4కే మీదికి వెళ్లేసరికి సగానికి దగ్గరగా కుంచించుకుపోతుంది. అప్పుడు వత్తులు చదవడమంటే కళ్లు పొడుచుకోవడమే.

లినక్స్‌లో కిటికీల్ని తెర మీద చూపించే పాత ఏర్పాటు ఎక్స్11. ఆ పద్ధతిలో దీనికి నికరమైన పరిష్కారం లేదు. అది 1987 నాటిది, డెస్క్‌టాప్ అంతటికీ ఒకే స్కేలు (అంటే అన్నింటినీ ఎంత శాతం పెంచి చూపాలన్న లెక్క) అనుకుని నడుస్తుంది. ఇంట్లో అందరికీ ఒకే పవరు కళ్లద్దాలు పెట్టినట్టు. దాన్ని దాటడానికి ఎక్స్‌ర్యాండర్ కమాండ్‌తో ఒక ఉపాయం చేసేవాళ్లం: అన్నింటినీ 200 శాతానికి పెంచి, పాత మానిటర్‌కి మాత్రం రెండింతల బొమ్మ గీయించి కుదించడం. సైజు కుదిరేది, కానీ కుదింపులో అక్షరం అంచులు మసకబారేవి, ఠలో చుక్క బూడిదరంగు మరకలా మిగిలేది. పైగా ఆ కమాండ్‌ని స్క్రిప్టులో పెట్టుకోకపోతే లాగౌట్ అవగానే అంతా పోయేది.

ఎక్స్11 స్థానంలో వచ్చిన వేలాండ్‌లో ఏ తెర స్కేలు దానిదే. ప్లాస్మా 6 నుంచి వేలాండే డిఫాల్ట్ కాబట్టి విడిగా వెతుక్కోవలసిన పని లేదు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే పేజీ తెరిస్తే మూడు తెరలూ మూడు పెట్టెల్లా కనిపిస్తాయి. మౌస్‌తో లాగి, బల్ల మీద ఎలా ఉన్నాయో అలా పేర్చుకోవచ్చు. నేను 4కేకి 150 శాతం పెట్టాను, అప్పుడది 2560×1440 తెర అంత చోటిస్తుంది. లాప్‌టాప్‌కి 125, ఎందుకంటే అది కంటికి ఇంకాస్త దగ్గరగా ఉంటుంది. పాతదానికి 100. మూడింటి మీదా తెలుగు పాఠం సైజులో మునుపటంత తేడా కనిపించదు. 4కే మీద 150 శాతంలోనూ అక్షరం పదును తగ్గలేదు. ఫ్రాక్షనల్ స్కేలింగ్ (125, 150 లాంటి మధ్య శాతాలు) ప్రోటోకాల్ తెలిసిన అప్లికేషన్ నేరుగా ఆ సైజులోనే గీస్తుంది, పెద్దగా గీసి కుదించే పని ఉండదు. నోటో సాన్స్ తెలుగులో 'క్ష్మి', 'స్త్రీ' లాంటివి వత్తు వత్తుగా విడివిడిగా కనిపిస్తుంటే ఎంత హాయో!

తక్కువ పిక్సెళ్లున్న పాత మానిటర్‌ని ఇంకా ఎందుకు ఉంచుకున్నానంటే, స్కాన్ కోసం. నిలువుగా పెడితే దాని ఎత్తు సుమారు 53 సెంటీమీటర్లు. మామూలు పుస్తకం పేజీ అందులో రెండింతలై కూర్చుంటుంది. బొమ్మ అంత పెద్దదయ్యాక అంగుళానికి 92 పిక్సెళ్లే అన్న లోటు తెలియదు. ఒక్యులర్ అనే పీడీఎఫ్ రీడర్‌లో స్కాన్ అక్కడ, బ్రౌజర్‌లో పాఠం 4కే మీద. ప్రూఫు పనికి ఇంతకంటే మంచి అమరిక నాకు తెలియదు.

చిన్న సౌకర్యాలు కూడా బాగున్నాయి. తీగ తీసి మళ్లీ పెడితే పాత అమరిక దానంతటదే వచ్చేస్తుంది. మెటా (విండోస్ గుర్తున్న మీట), పి కలిపి నొక్కితే తెరలు మార్చుకునే పట్టీ వస్తుంది. మౌస్ గబగబా ఊపితే బాణం గుర్తు పెద్దదై ఎక్కడుందో చూపిస్తుంది. తెరకీ తెరకీ మధ్య అంచు దగ్గర మౌస్ కాస్త ఆగేలా పెట్టుకోవచ్చు, స్క్రోల్‌బార్ పట్టుకునేటప్పుడు అది పక్క తెరలోకి జారిపోదు.

లోపాలు చెప్పాలి. ఇంకా ఎక్స్11 మీదే నడిచే పాత అప్లికేషన్లు పూర్తిగా కుదరవు. వాటిని సిస్టమే పెంచాలా, అవే పెంచుకోవాలా అని అదే పేజీలో ఒక ఎంపిక ఉంది. సిస్టమ్‌కి వదిలితే 4కే మీద మసక. వాటికే వదిలితే ఎక్కువ స్కేలున్న తెరకు తగ్గట్టు గీసుకుంటాయి, మిగతా తెరల మీద కొంచెం పదును తగ్గుతుంది. నేను రెండోదే పెట్టుకున్నాను. ఇక లాగిన్ తెర. నిలువు మానిటర్ మీద అది పక్కకు ఒరిగి వస్తుంది. మెడ వంచి పాస్‌వర్డ్ కొట్టడం ఇష్టం లేనివాళ్లు లాప్‌టాప్ తెర మీద చూసి కొట్టాలి.

సాఫ్ట్‌వేర్ ఉచితమే అయినా పోర్టులు చూసుకోకుండా మానిటర్ కొనకండి. హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కేని సెకనుకు 30 ఫ్రేములతోనే ఇస్తుంది, మౌస్ కదిలిస్తే అది కంటికి తెలిసిపోతుంది. 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 గానీ, డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ (వీడియో కూడా పంపే సదుపాయం) ఉన్న యూఎస్‌బీ-సీ గానీ ఉండాలి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే సీ-టైప్ తీగలో వీడియో రాదు. నా లాప్‌టాప్‌లో 4కే యూఎస్‌బీ-సీ మీద, పాతది హెచ్‌డీఎంఐ మీద. ఈ ఏర్పాటుకి డాక్ (అదనపు పోర్టులిచ్చే పెట్టె) అక్కర్లేదు.

పాత మానిటర్ సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కొన్నాను. అక్కడ కొనేవాళ్లు షాపులో ఆడించే వీడియో చూసి సరిపెట్టుకోకుండా ఒక తెలుగు పేజీ తెరిపించి మామూలు దూరం నుంచి చదవండి. నిలువుగా పెట్టే ఆలోచన ఉంటే స్టాండ్ తిరుగుతుందో లేదో చూడండి. తిరగకపోతే వెనక 100 మిల్లీమీటర్ల వెసా (ఆర్మ్ బిగించే ప్రామాణిక) రంధ్రాలున్నా చాలు, ఆర్మ్ బిగించుకోవచ్చు.