కుక్క ట్రైనింగ్‌కి ఏ ట్రీట్ మేలు? బిస్కెట్టా, చికెనా, క్యారెట్టా?

మా కుక్క పేరు చిట్టి, లాబ్రడార్. నాలుగేళ్లు, 25 కిలోలు. మొన్న కనుమకి వచ్చిన చుట్టాలు ముద్దొస్తోందని తలా ఒక మటన్ కొవ్వు ముక్క పెట్టేశారు. రాత్రికల్లా వాంతులు. తెల్లారేసరికి ముందుకాళ్లు నేలకి ఆనించి, నడుం పైకెత్తి, దండం పెడుతున్నట్టు అలాగే ఉండిపోయింది. కడుపునొప్పికి కుక్కలు అలా చేస్తాయట. క్లోమం (ప్యాంక్రియాస్) వాచిందన్నారు డాక్టరు గారు. సెలైన్లు ఎక్కించి, కోలుకున్నాక ఇంటికి పంపుతూ, "ఇక కొవ్వు జోలికి పోకండి" అన్నారు.

అప్పటికి ట్రైనింగ్ సగంలో ఉంది. ఏమీ పెట్టకుండా నేర్పుదామంటే లాబ్రడార్‌తో అయ్యే పని కాదు. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చూస్తే, దాదాపు నాలుగో వంతు లాబ్రడార్లలో ఆకలికి సంబంధించిన ఒక జన్యువులో తేడా కనిపించింది. తిండి యావ, బరువు రెండూ వాటికే ఎక్కువ. అందుకని ఏం పెట్టాలా అని లెక్కలు వేశాను.

ట్రీట్ల వాటా రోజు మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన 25 కిలోల కుక్కకి రోజుకి సుమారు 1200 కేలరీలు కావాలి. అంటే ట్రీట్లకి 120.

మనవాళ్లకి మొదట చేతికొచ్చేది టీలో ముంచుకునే గ్లూకోజ్ బిస్కెట్టే. 100 గ్రాములకి 450 కేలరీలు, 12 గ్రాములకి పైనే కొవ్వు, ఆపైన చక్కెర. ఆరు బిస్కెట్లతో ఆ రోజు కోటా అయిపోతుంది. అదే చర్మం లేని ఉడికించిన చికెన్ బ్రెస్ట్ అయితే 100 గ్రాములకి 165 కేలరీలు, కొవ్వు మూడున్నర గ్రాములు. 70 గ్రాములు పెట్టొచ్చు. శనగగింజంత, అరగ్రాము ముక్కలు కోస్తే దాదాపు 140 వస్తాయి! కుక్క ఎన్నిసార్లు దొరికిందో చూస్తుంది గానీ ఎంత దొరికిందో చూడదు. నా ఓటు చికెన్‌కే పడింది ఇక్కడే. (క్లోమం ఒకసారి దెబ్బతిన్న కుక్క అయితే చికెన్ కూడా డాక్టర్ని అడిగాకే. మాకు పది రోజులు ఆగమన్నారు.)

వండటంలో పెద్ద పనేం లేదు. చికెన్ సెంటర్‌లో బోన్‌లెస్ పావుకిలో తీసుకుని ఉత్త నీళ్లలో ఉడికించడమే. ఉప్పు, అల్లంవెల్లుల్లి ఏమీ వద్దు. మా అమ్మ కూరలో ముక్క తీసి కుళాయి కింద కడిగి పెట్టేది. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలని దెబ్బతీస్తాయి, కడిగినంత మాత్రాన ఆ రసం పోదు. ఆవిడకి ఇది నచ్చజెప్పడానికి నాకు వారం పట్టింది.

మరి క్యారెట్? కొవ్వు దాదాపు సున్నా, 100 గ్రాములకి 41 కేలరీలే. కాగితం మీద చికెన్ కన్నా మేలు. చిక్కల్లా నమలడంలోనే ఉంది. పచ్చి ముక్క ఇస్తే కరకరా నమిలి, కింద పడ్డ తునకలు వెతుక్కుంటూ నేను "కూర్చో" అన్న సంగతే మర్చిపోతుంది. ట్రైనింగ్ ట్రీట్ గుటుక్కున దిగిపోవాలి. కాస్త ఆవిరి మీద మెత్తబెడితే పర్లేదు. కీర ముక్కలు ఇంకా తేలిక, ఎండాకాలం ఇంట్లో బాగా పనికొస్తాయి. కానీ వీధి చివర నాలుగు కుక్కలు మొరుగుతుంటే కీర వైపు కన్నెత్తి కూడా చూడదు. అక్కడ చికెనే.

గుడ్డు తెల్లసొన మంచిదే, కొవ్వు ఉండదు. పచ్చసొన మాత్రం ఒక్కదాంట్లోనే ఐదు గ్రాముల దాకా ఉంటుంది. పనీర్, చీజ్ మాకు పూర్తిగా బంద్. ద్రాక్ష, కిస్‌మిస్ ఏ కుక్కకీ వద్దు, కిడ్నీలు పోతాయి.

షాపులో దొరికే ప్యాకెట్ ట్రీట్స్ కొనేవాళ్లు ఒకటి గమనించాలి. వెనక కొవ్వు శాతం పక్కన చాలావాటి మీద "కనీసం" అని ఉంటుంది. కనీసం 8 శాతం అంటే పది ఉండొచ్చు, పన్నెండూ ఉండొచ్చు. కొవ్వు పడని కుక్క ఉన్న ఇంట్లో ఆ అంకెని నమ్ముకోలేం.

రోజూ చికెన్ ఉడికించే ఓపిక నాకూ లేదు. అందుకే పొద్దున గిన్నెలో వేయాల్సిన డ్రై ఫుడ్‌లోంచే ఒక గుప్పెడు తీసి, నాలుగు చికెన్ ముక్కలతో కలిపి డబ్బాలో మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచుతున్నాను. తెల్లారేసరికి అన్నీ చికెన్ వాసనే. రోజూ తినే తిండే అయినా, ఆ డబ్బా మూత చప్పుడైతే చాలు, చిట్టి మేడ మీద నుంచి దిగొచ్చేస్తుంది.