జానెడు సముద్రానికి 5,900 రూపాయలు

పెళ్లై పాతికేళ్లయిందని పిల్లోళ్లు బలవంతం చేసి మమ్మల్ని గోవా పంపించినారు. "సీ వ్యూ రూము బుక్ చేసినామమ్మా, పొద్దున్నే కాఫీ తాగుతా సముద్రం చూస్తా కూర్చోండి" అన్నాడు పెద్దోడు. అనంతపురంలో పుట్టి పెరిగినదాన్ని, వాన పడితేనే వాకిట్లోకి పోయి చూసేదాన్ని. ఆ మాటకు పడిపోయినా.

గుంతకల్లులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కినాం. థర్డ్ ఏసీ, ఇద్దరికీ పోనూరానూ మూడు వేల పైచిలుకు. క్యాజిల్ రాక్ దాటినాక ఘాట్‌లో దూద్‌సాగర్ జలపాతం కనబడితే, అంతవరకు గురక పెట్టిన మా ఆయన కూడా లేచి కూర్చున్నాడు. మడగావ్ స్టేషన్‌లో దిగి అక్కడి నుంచి టాక్సీ 900. గోవాలో ఓలా, ఊబర్ తిరగవు, ముందే తెలుసుకోండి.

దక్షిణ గోవాలో బెనౌలిం వైపు రిసార్టు. పేరు వద్దులే. పోతానే మెడలో గవ్వల దండ వేసి, చేతికి కోకం అనే పుల్లటి పండుతో చేసిన షర్బత్ ఇచ్చినారు. కొబ్బరిచెట్లు, ఈతకొలను, పరుపు, అన్నీ బాగుండాయి. రూము తలుపు తీయడం ఆలస్యం, నేరుగా బాల్కనీలోకి పోయినా. ఎదురుగా పచ్చిక. దాని అవతల ఇంకో బ్లాకు వెనక గోడ, గోడ నిండా ఏసీ డబ్బాలు. సముద్రమేదీ? సామాన్లు తెచ్చిన పిల్లోడు ఎడమ మూలకు పోయి, కమ్మీల మీదుగా వంగి "అదిగో మేడమ్" అన్నాడు. నేనూ వంగినా. రెండు కొబ్బరి మానుల సందులో జానెడు నీలం.

మా ఆయన జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాడు. ఇంక ఆ జానను వదల్లేదు. తోట వైపు రూము రోజుకు 12,000, సీ వ్యూ 14,500. తేడా 2,500. రూము అద్దె 7,500 దాటితే జీఎస్టీ 18 శాతం కాబట్టి 2,950. రెండు రాత్రులకు 5,900. "జానకు తొమ్మిది ఇంచులు. ఇంచు 655 పడిందే!" అన్నాడు.

రిసెప్షన్‌లో అమ్మాయి నవ్వు చెదరకుండా "ఇది పార్షియల్ సీ వ్యూ సార్" అనింది, అంటే సముద్రం కొంచెమే కనబడే రూమంట. బుకింగ్ కాగితంలో ఆ ముక్క ఎక్కడుందో చూపించమన్నాం. చూపించలేదు, రూమూ మార్చలేదు. అన్నీ నిండిపోయినాయంట. దానికి బదులు సాయంత్రం మంచం మీద తువ్వాళ్లతో రెండు హంసలు చేసి పెట్టి, గులాబీ రెక్కలు చల్లిపోయినారు. అవి ఏరి చెత్తబుట్టలో వేసేసరికి నా నడుము పట్టుకునింది.

రూముకు టీ చెప్తే కప్పు 280. రెండు కప్పులకు పన్నుతో కలిపి 660 రూపాయల 80 పైసలు. వేడినీళ్లు, పాలు, చక్కెర, టీ సంచీ అన్నీ వేరేవేరేగా తెచ్చి పెట్టినారు. కలుపుకునేది మళ్లీ మనమే! రాత్రి భోజనం బిల్లులో 10 శాతం సర్వీస్ చార్జి. అడక్కుండా అది కలపగూడదని 2022 జూలైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పిందని మా ఆయన గుర్తుచేస్తే, మారుమాట్లాడకుండా తీసేసినారు. మీరూ అడగండి, మొగమాటపడొద్దు.

రెండోరోజు ఆయన మూతి ముడుచుకునే ఉన్నాడు. "మా ప్రైవేట్ బీచ్‌లో కూర్చోండి" అన్నారు రిసార్టోళ్లు. అదీ ఉత్తమాటే. ఇసుక అందరిదీ, తాడు కట్టిన కుర్చీలే వాళ్లవి. చెప్పులు చేతబట్టుకొని అలల వెంబడే నడిచిపోతే తాటాకు కప్పిన చిన్న హోటల్ పాక ఒకటి కనిపించింది, అక్కడ దాన్ని షాక్ అంటారు. చేపల థాలీ 300. అన్నం, కొబ్బరి వేసిన చేపలకూర, రవ్వ అద్ది వేయించిన వంజరం ముక్క, తాగేదానికి కోకం, కొబ్బరిపాలతో చేసిన గులాబీరంగు సోల్‌కఢీ. ముక్క పైన కరకరలాడుతుంటే, లోపల వెన్న మాదిరి విడిపోయింది. సోల్‌కఢీ మొదటి గుక్కకు మన పచ్చిపులుసులో ఎవరో కొబ్బరిపాలు పోసినట్టుంది, మూడో గుక్కకు ఇంకో గ్లాసు అడిగినా.

కూరలో కారం మాత్రం మనకు చాలదు. సంచీలోంచి చెనిక్కాయల పొడి డబ్బా తీసినా. వంట చేసే ఆమె అదేందని వచ్చి, చిటికెడు నోట్లో వేసుకొని, కళ్లు పెద్దవి చేసి, ఇంకొంచెం వేయమని అరచేయి చాపింది. నాకు కొంకణి రాదు, ఆమెకు తెలుగు రాదు. వచ్చీరాని హిందీలో వెల్లుల్లి ఎంత, ఎండుమిరపకాయలు ఎన్ని అని వేళ్లతో చూపించుకుంటా అరగంట కూర్చున్నాం.

ఆ సాయంత్రం అక్కడే ఉండిపోయినాం. చీరాలలో మేం చూసిన సూర్యుడు సముద్రంలోంచి లేచినోడు, ఇక్కడ సముద్రంలోకే దిగిపోయినాడు. దానికి పైసా అడగలేదెవురూ. మా ఆయన మూతి అప్పుడు విడింది.

పోవాలనుకునేవాళ్లు ఊర్లో చిన్న గెస్ట్‌హౌస్ చూసుకోండి. స్కూటీ అద్దెకు తీసుకుంటే అద్దె బండ్లకుండే నల్ల నంబర్ ప్లేటు మీద పసుపు అక్షరాలున్నదే తీసుకోండి, మాకు రోజుకు 400 పడింది. రిసార్టే కావాలంటే తోట వైపు రూము చాలు. అవునూ, పొడి డబ్బా ఆమెకే ఇచ్చేసి వచ్చినా. స్టీలుది, మా అమ్మ పేరు చెక్కిన డబ్బా. ఇంటికొచ్చినాక ఆ సంగతి తెలిసి మా ఆయన ఏమీ అనలేదు, ఈసారి లెక్క కూడా వేయలేదు.