ప్రిపొజిషన్ల దగ్గర పులి, టెన్సుల దగ్గర పిల్లి

మాది డీటీపీ షాపు. రెజ్యూమెలు, లీవ్ లెటర్లు, వీసా కవరింగ్ లెటర్లు, రోజంతా అదే పని. ఇంగ్లీషు తప్పులు దిద్దడానికి డబ్బు కట్టి వాడుతున్న గ్రామర్ చెకర్ సాఫ్ట్‌వేర్ గురించి ఇది. పేరెందుకు, అన్నీ దాదాపు ఒక తాను ముక్కలే.

నేను పడిపోయింది ప్రిపొజిషన్లకు. 'డిస్కస్ అబౌట్'లో అబౌట్ కొట్టేస్తుంది. 'మ్యారీడ్ విత్'ను 'మ్యారీడ్ టు' చేస్తుంది. 'కోప్ అప్ విత్'లో అప్ పీకేస్తుంది. 'సిన్స్ ఫోర్ ఇయర్స్' కనబడితే ఫర్ పెట్టేదాకా ఊరుకోదు. మనవాళ్ల అప్లికేషన్లలో వీటిలో ఒక్కటైనా లేని పేజీ అరుదు. చందా పొడిగిస్తూ వచ్చింది ఇందుకే.

చిక్కంతా టెన్సుల్లో. యూకే ఉద్యోగానికి అప్లై చేస్తున్న ఒక నర్సు చేత్తో రాసి తెచ్చింది: 'ఐ యామ్ వర్కింగ్ ఇన్ ఐసీయూ సిన్స్ 2018 టు 2022.' చెకర్ సిన్స్ తీసి ఫ్రమ్ పెట్టింది, యామ్ వర్కింగ్‌ను 'హ్యావ్ బీన్ వర్కింగ్' చేసింది. గీతలన్నీ పోయి పచ్చ టిక్కు పడింది. ప్రింటు ఇవ్వబోతుంటే ఆమే ఆపింది.

"అన్నా, నేనక్కడ మానేశాను కదా. ఇలా ఉంటే ఇంకా అక్కడే చేస్తున్నట్టు రాదూ?"

నిజమే. 2022తో అయిపోయిన పనికి 'ఐ వర్క్‌డ్' చాలు. హ్యావ్ బీన్ అంటే ఇంకా చేస్తున్నట్టో, ఈమధ్యే ఆపినట్టో. రిలీవింగ్ లెటర్ ఒకటి చెప్పి రెజ్యూమె ఇంకొకటి చెబితే అవతలివాళ్లు ఏమనుకోవాలి? 'వర్క్‌డ్' అని దిద్ది మళ్లీ చూపించా. దానికీ పచ్చ టిక్కే! ఆమె మానేసిందో లేదో దానికెలా తెలుస్తుంది, పాపం.

ప్రిపొజిషన్ల మెప్పులోనూ కాస్త కోత వేయాలి. అమెరికన్ సెట్టింగ్‌లో ఉంటే 'ఎట్ ద వీకెండ్' కింద గీత గీస్తుంది. బ్రిటన్‌లో అనేదే అలా. యూకే ఫైలైతే ముందు సెట్టింగ్ మార్చుకోవాలి. 'ఐ హ్యావ్ ఎ డౌట్' జోలికైతే అసలు పోదు. గ్రామర్ తప్పు లేదు మరి. కానీ లండన్‌లో చదివేవాళ్లకు అది అడగాల్సిన ప్రశ్నలా కాక నమ్మకం లేనట్టు వినిపిస్తుంది.

నాకు ఎక్కువగా వచ్చేవి లీవ్ లెటర్లు, కాలేజీ అప్లికేషన్లు కాబట్టి ఈ ఏడాదీ కడతా. ఎక్స్‌పీరియన్స్ ఉన్నవాళ్ల రెజ్యూమెలు మాత్రం మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, తేదీలు అడుగుతూ దిద్దుతున్నా. ఏడాదికో లెటర్ రాసుకునేవాళ్లకు ఫ్రీ వెర్షన్ సరిపోతుందేమో. మా అబ్బాయి ఫోన్‌లో అదే ఉంది, వాడికి ఇబ్బందేం లేదు.