గేరుబాక్సుకు ఒకటి, క్రౌనుకు ఒకటి: మోటుల్ గేర్ 300, గేర్ 300 ఎల్ఎస్ రివ్యూ

నెల్లూరు ఆటోనగర్‌లో గేరాయిల్ అడిగితే వచ్చే ఎదురు ప్రశ్న ఒక్కటే: "నైంటీయా, వన్ ఫార్టీయా?" చీమకుర్తి గ్రానైట్ లారీకైనా, కృష్ణపట్నం పోర్టు టిప్పర్‌కైనా ఆ ప్రశ్న సరిపోతుందేమో గానీ, వెనక చక్రాలు లాగే మాన్యువల్ స్పోర్ట్స్ కారుకు సరిపోదు. నైంటీ అన్నది చిక్కదనం మాత్రమే. లోపల ఏ మందు కలిపారో చెప్పేది డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉండే జీఎల్-4, జీఎల్-5 అనే తరగతులు.

డిఫరెన్షియల్‌లో (వెనక చక్రాలకు శక్తిని పంచే పెట్టె, మేస్త్రీల మాటలో క్రౌను) క్రౌన్, పినియన్ అనే గేర్ల పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, గట్టిగా రాసుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి ఆయిల్ పొర తెగిపోతుంది. అప్పుడు గంధకం, ఫాస్ఫరస్ కలిసిన మందు వేడికి ఉక్కుతో కలిసి పల్చటి పూత కట్టి పళ్లను కాపాడుతుంది. ఈ మందు జీఎల్-4లో కంటే జీఎల్-5లో సుమారు రెట్టింపు ఉంటుంది. క్రౌనుకు అదే ప్రాణం. గేరుబాక్సులో అదే పేచీ. సింక్రో రింగులు (గేరు మార్చేటప్పుడు వేగాలు కలిపేవి) చాలా కార్లలో ఇత్తడివి, కొన్ని పాత జీఎల్-5 ఆయిళ్లలోని గంధకం వాటిని తినేస్తుంది. తినకపోయినా ఇంకో తంటా ఉంది: రింగు, గేరు మీది శంకు లాంటి కోన్‌ను గట్టిగా పట్టుకుంటేనే రెండు గేర్ల వేగం సమమవుతుంది. ఆయిల్ మరీ జారుడుగా ఉంటే పట్టు దొరకదు, మూడు నుంచి రెండుకు దించేటప్పుడు కర్రుమంటుంది.

ఇక సరుకు సంగతి. మోటుల్ కంపెనీ గేర్ 300 75డబ్ల్యూ-90 పూర్తి సింథటిక్, ఎస్టర్ బేస్. వంద డిగ్రీల వేడిలో చిక్కదనం 15 సెంటిస్టోక్స్ (చిక్కదనం కొలత) దరిదాపు. నైంటీ గ్రేడుకు ఉండాల్సింది 13.5 నుంచి 18.5 మధ్య కాబట్టి ఇబ్బంది లేదు. 75డబ్ల్యూ అన్నది మైనస్ 40 డిగ్రీల పరీక్ష, ఉదయగిరి కొండ మీద మాఘమాసంలో కూడా మనకు దాంతో పని పడదు. మనకు పనికొచ్చేది, రోహిణి కార్తెలో ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో కాగినా, చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద అరగంట తోలినా ఇది నీళ్లలా పల్చబడకపోవడం. ఎండలకు భయపడి గేరుబాక్సులో 140 పోయించేవాళ్లున్నారు. వద్దు. అది 24 సెంటిస్టోక్స్ పైమాటే, పొద్దున్నే మొదటి గేరు రాయిలా ఉంటుంది.

డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 రెండూ రాసి ఉంటాయి. కంపెనీ ఇత్తడికి హాని లేదంటుంది, ఆ మాట నమ్మొచ్చు. అయినా జారుడు సంగతి వేరు. ఓనర్ మాన్యువల్ రెండిట్లో ఏదైనా సరే అంటే నిశ్చింతగా పోసుకోండి. జీఎల్-4 మాత్రమే అని ఉంటే రెడ్ లైన్ ఎంటీ-90 లాంటి అచ్చమైన జీఎల్-4 తెప్పించుకోవడమే మేలు. ఎల్ఎస్‌డీ (ఒక చక్రమే తిరిగిపోకుండా ఆపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్) లేని మామూలు క్రౌనులో మాత్రం గేర్ 300కు వంక పెట్టలేం.

ఎల్ఎస్‌డీ ఉంటే లోపల ఏ రకమో ముందు తెలుసుకోవాలి. క్లచ్ ప్లేట్ల రకమైతే గేర్ 300 ఎల్ఎస్ తీసుకోవాలి. ఇది జీఎల్-5, ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుపోకుండా చూసే మందు ఇందులోనే ఉంటుంది. మామూలు జీఎల్-5 పోస్తే యూ టర్న్ తీసుకునేటప్పుడు వెనక నుంచి టకటక కొడుతూ అదురుతుంది. అలాగని ఎల్ఎస్‌లో ఇంకో సీసా ఫ్రిక్షన్ మాడిఫయర్ (అదే మందు) కలపొద్దు. ప్లేట్లు జారిపోయి ఒక చక్రమే గిర్రున తిరుగుతుంది, ఎల్ఎస్‌డీకి పెట్టిన డబ్బు దండగ. ప్లేట్లు లేకుండా గేర్లతోనే పనిచేసే టోర్సెన్ రకానికి మామూలు జీఎల్-5 చాలు. కొత్త ఆయిల్ పోశాక ఖాళీ మైదానంలో ఎనిమిది ఆకారంలో పది చుట్లు నెమ్మదిగా తిప్పితే ఆయిల్ ప్లేట్ల మధ్యకు చేరుతుంది.

కొలతకు ఉదాహరణగా మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5లో 1.8 లీటర్ల ఇంజన్, ఐదు గేర్ల కారు తీసుకుంటే, గేరుబాక్సుకు 2 లీటర్లు, క్రౌనుకు 1 లీటరు. అంటే లీటరు సీసాలు మూడు, క్లచ్ ప్లేట్ల ఎల్ఎస్‌డీ ఉంటే రెండు రకాలు. "ఏ నైంటీ అయితే ఏముందినా, పోసేద్దాం" అని మేస్త్రీ డ్రమ్ము వైపు నడిస్తే సీసాలు చేతికిచ్చి పక్కనే నిలబడండి.

పదిహేను కిలోమీటర్లు తిప్పి, ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే దించాలి. ముందుగా విప్పాల్సింది పైన నింపే ప్లగ్గు, కింద డ్రెయిన్ ప్లగ్గు తర్వాత. ఆయిలంతా దించేశాక పైది బిగుసుకుపోయి రాకపోతే బండి ర్యాంపు మీదే ఉండిపోతుంది. డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉండటం మామూలే. గోరంత పలుకు కనిపిస్తే మాత్రం విప్పి చూడాల్సిందే. గేరుబాక్సు ఆయిల్ కాస్త తెల్లగుడ్డ మీద పోసి ఎండలో వంచి చూడండి. పసుప్పచ్చగా సన్నటి మెరుపు దట్టంగా ఉంటే అది సింక్రో రింగుల పొడి, ఏ ఆయిల్ మార్చినా అది తిరిగి రాదు. వాషర్లు కొత్తవి వేసి, బండి నాలుగు వైపులా సమంగా ఉన్నప్పుడు, నింపే రంధ్రం అంచు నుంచి చుక్కలు కారేదాకా చేతిపంపుతో నింపాలి. ముందు భాగం మాత్రమే జాకీ మీద లేపి నింపితే కొలత తప్పుతుంది.

ఆటోమేటిక్ గేరుబాక్సుకు ఈ రెండు సీసాలతో పని లేదు. జడ్ఎఫ్ కంపెనీ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ బాక్సుకు దాని ఫ్లూయిడే పోయాలి, మట్టం ఇంజన్ నడుస్తుండగా, ఫ్లూయిడ్ వేడి చూసి సరిచూడాలి. పోర్షే కార్ల రెండు క్లచ్చుల ఆటోమేటిక్ బాక్సు పీడీకే ఏడు గేర్లదాంట్లో క్లచ్చులకు ఒక ఆయిల్, గేర్లకు వేరే ఆయిల్.

మార్చిన వారానికి పినియన్ సీలు (షాఫ్టు క్రౌనులోకి వెళ్లే చోటి రబ్బరు రింగు) దగ్గర చెమ్మ కనిపిస్తే సింథటిక్ కాబట్టి కారుతోందని ఆయిల్‌ను తిట్టుకోకండి. ముందు క్రౌన్ హౌసింగ్ మీది బ్రీదర్ (గాలి పోయే చిన్న దారి) చూడండి. మట్టి పట్టి మూసుకుపోతే లోపలి వేడిగాలికి దారి లేక ఆయిల్‌ను సీలు గుండా బయటికి తోస్తుంది. దాన్ని విప్పి, పెట్రోల్‌తో కడిగి, ఆరాక బిగించండి.