మోకీలు మార్పిడి తర్వాత ఫిజియో: ఇంటికి పిలిపించాలా, సెంటర్‌కి వెళ్లాలా?

అమ్మకు ఎడమ మోకీలు మార్పిడి చేయించి మూడు నెలలైంది. అప్పటి నుంచి ఎవరు ఫోన్ చేసినా ఇదే ప్రశ్న. మేమైతే రెండూ చేశాం. మొదటి మూడు వారాలు ఇంట్లో, ఆ తర్వాత సెంటర్‌లో.

విజయవాడలో మా సత్యనారాయణపురం నుంచి ఆస్పత్రి ఉన్న సూర్యారావుపేట ఎంత దూరమని? కానీ కుట్లు తీయించడానికి ఒక్కసారి ఆటోలో వెళ్లొచ్చేసరికే అమ్మ సోలిపోయింది. రోజూ అలా తిప్పితే వ్యాయామానికి ఓపికెక్కడిది?

అయినా మొదటి మూడు వారాలకు నేను ఇంటికే ఓటేయడానికి కారణం ప్రయాణం కాదు. ఫిజియో మనతో ఉండేది ముప్పావుగంట. మిగతా రోజంతా ఆ కాలు ఎలా ఉందన్నదే అసలు సంగతి. చూడటానికి వచ్చిన చుట్టాలు "అయ్యో, ఎంతసేపని కాలు చాపుకుంటావు వదినా" అంటూ మోకాలి కింద దిండు పెట్టేవాళ్లు. హాయిగానే ఉంటుంది. కానీ మోకాలు అలా వంపులోనే బిగుసుకుపోతే పూర్తిగా చాపడం రాదు. ఫిజియో అమ్మాయి వచ్చిన రోజే ఆ దిండు తీసేసి, మడమ కింద తువ్వాలు చుట్టి పెట్టింది. అమ్మను తన కుర్చీలోనే కూర్చోబెట్టి, పాదం కింద పాలిథిన్ కవరు వేసి, టైల్స్ మీద వెనక్కి జరపడం నేర్పింది. మా మెట్ల మీదే నడిపించింది: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. పక్కనుండి చూసిన నాన్నగారు పూటపూటా చేయించారు. పదిహేనో రోజుకు 90 డిగ్రీలు వంగింది.

నాలుగో వారం నుంచి మాత్రం సెంటరే మేలు. తొడ కండరానికి బలం రావాలంటే సైకిల్, బరువులు కావాలి. పైగా ఇంట్లో "ఇవాళ్టికి చాల్లే" అంటే మనం కరిగిపోతాం.

ఇంట్లో చూసేవాళ్లు లేకపోతే కొన్నాళ్లు రిహాబ్‌లో, అంటే అక్కడే ఉంచుకుని వ్యాయామం చేయించే చోట, చేర్పించడం మంచిది. కాలిని వంచే సీపీఎం మిషన్ అద్దెకు తెస్తే చాలదు. కదిలించేది మిషనే కాబట్టి కండరానికి పని ఉండదు. యూట్యూబ్ చూసి చేస్తే ఎంత వంగిందో కొలిచేవాళ్లుండరు.

డాక్టర్ రాసిన నొప్పి మాత్ర వ్యాయామానికి అరగంట ముందు వేయండి, అయ్యాక ఐస్ పెట్టండి. పిక్క వాచి నొప్పెడితే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. ఆయాసమొస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆరు వారాలకూ 90 దాటకపోతే సర్జన్‌కి చూపించండి, ఆలస్యమయ్యేకొద్దీ ఆ బిగువు వదిలించడం కష్టం.